యాంటీవైరస్ కొన్న రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో సైబర్ మోసాల వార్త లేని రోజు లేదు. డిజిటల్ అరెస్టులు, ఏపీకే ఫైళ్లు, కొరియర్ పేరుతో వచ్చే ఫోన్లు అన్నీ వివరంగా రాస్తున్నారు, జనం కొంతైనా జాగ్రత్త పడుతున్నారు. అయితే వీటి పక్కనే ఇంకో రకం వసూలు జరుగుతోంది. దాని మీద పోలీసు కేసు పెట్టలేం, ఎందుకంటే ఎక్కడో ఒకచోట మనమే టిక్కు పెట్టి ఒప్పుకున్నట్టు రికార్డు ఉంటుంది. కంప్యూటర్‌లో వేసుకునే యాంటీవైరస్‌ను మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి, రెండో ఏడాది నుంచి మనల్ని అడక్కుండా రెండింతలు, మూడింతలు కార్డులోంచి తీసుకునే ఆటో రెన్యువల్ గురించి చెబుతున్నాను. నేను తెనాలిలో కంప్యూటర్ సర్వీసు షాపు నడుపుతున్నాను. యాంటీవైరస్ కీలు, అంటే దాన్ని ఏడాది పాటు పనిచేయించే కోడ్లు, నేనూ అమ్ముతాను. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూస్తున్నాను కాబట్టే ఈ ఉత్తరం.

ముందు ధర సంగతి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు తెర మీద కొట్టొచ్చినట్టు కనపడే అంకె మొదటి ఏడాదిది మాత్రమే. పక్కనే ఇంత శాతం తగ్గింపు, ఈ రోజే ఆఖరు అని పెద్ద అక్షరాలు. దాని కింద బూడిద రంగులో, కళ్లజోడు సర్దుకుని చూస్తే తప్ప కనపడనంత చిన్నగా, తర్వాతి ఏడాది నుంచి ఎంత కట్ అవుతుందో ఉంటుంది. అసలు ధర అదీ. విచిత్రం ఏమిటంటే ఆ ధర కొత్తగా కొనేవాడు ఎవడూ కట్టడు, పాత ఖాతాదారు ఒక్కడే కడతాడు. ఏళ్ల తరబడి సరుకులు తెచ్చుకుంటున్న ఇంటికి కిరాణా కొట్టతను కొత్తవాళ్ల కంటే రెట్టింపు రేటు వేస్తే మనం ఊరుకుంటామా? అదే యాంటీవైరస్, అదే ఏడాది కాలానికి, కీ రూపంలో షాపుల్లోనో ఆన్‌లైన్ అంగళ్లలోనో రెన్యువల్ ధరలో సగానికే, ఒక్కోసారి ఇంకా తక్కువకే దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్‌లో గాని అప్‌డేట్లలో గాని ఏ తేడా ఉండదు.

మొన్న వేసవిలో ఒక రిటైర్డ్ మాస్టారు పాస్‌బుక్కు, ఫోను రెండూ పట్టుకుని షాపుకి వచ్చారు. బాగా టెన్షన్‌లో ఉన్నారు. "బాబూ, నా ఖాతా ఎవడో హ్యాక్ చేశాడు, పింఛను పడిన మర్నాడే మూడు వేలకు దగ్గర దగ్గర పోయింది, పేరు చూస్తే ఏదో విదేశీ కంపెనీలా ఉంది, నేనెప్పుడూ వినలేదు" అన్నారు. ఫోను తీసుకుని మెసేజీలు వెనక్కి జరుపుతూ పోతే, డబ్బు పోయే ముందు రోజు బ్యాంకు పంపినది ఒకటి కనపడింది. ఒక పర్సనల్ లోను ఆఫరుకీ, రీచార్జి గడువు మెసేజీకీ మధ్యలో ఉంది. మొత్తం ఇంగ్లీషు. ఫలానా వ్యాపారికి ఫలానా తేదీన ఇంత మొత్తం మీ ఈ-మ్యాండేట్ (పదే పదే డబ్బు తీసుకోవడానికి ముందే ఇచ్చిన అనుమతి) ప్రకారం డెబిట్ అవుతుంది, వద్దనుకుంటే ఈ లింకు నొక్కండి అని దాని సారాంశం. ఆ వ్యాపారి పేరు యాంటీవైరస్ పేరు కాదు, ఆ కంపెనీ తరఫున డబ్బు వసూలు చేసిపెట్టే మధ్యవర్తి సంస్థ పేరు. మాస్టారు ఆ మెసేజీ చూశారు కూడా. చూసి, లింకు ఉంది కాబట్టి మోసగాళ్లదేమోనని ముట్టుకోలేదు. తెలియని లింకులు నొక్కొద్దని బ్యాంకులు, పోలీసులు, మీ పత్రిక అందరూ చెప్పేది అదే కదా, ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆ సరైన పని చేసినందుకే డబ్బు పోయింది.

ఇంతకీ ఆ యాంటీవైరస్ ఎక్కడుంది అంటే, ఏడాది కిందట మనవడి చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్‌లో. అల్లుడు ఏడు వందల చిల్లరకు ఆన్‌లైన్‌లో కొని, మామగారి డెబిట్ కార్డు పెట్టాడు, ఓటీపీ కూడా ఆయనే చెప్పారు. తర్వాత ల్యాప్‌టాప్ మనవడితో పాటు బెంగళూరు హాస్టలుకు వెళ్లింది, అక్కడ స్లోగా ఉందని ఆ అబ్బాయి యాంటీవైరస్ తీసేశాడు. అంటే లేని సాఫ్ట్‌వేర్‌కి, చేతిలో లేని ల్యాప్‌టాప్‌కి, పింఛను డబ్బుతో రెన్యువల్.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం చెప్పాలి. కంప్యూటర్‌లోంచి యాంటీవైరస్‌ను తీసేస్తే చందా ఆగదు. ల్యాప్‌టాప్ అమ్మేసినా, ఫార్మాట్ కొట్టినా, పాడైపోయి అటక మీద పడేసినా ఆగదు. చందా ఉండేది కంప్యూటర్‌లో కాదు, కంపెనీ దగ్గర మన ఈమెయిల్ పేరు మీద, బ్యాంకు దగ్గర మన మ్యాండేట్ రూపంలో. ఈ రెండు చోట్లా ఆపితేనే ఆగినట్టు. ఒక కంపెనీది నచ్చక ఇంకో కంపెనీది కొనుక్కుని, పాతదానికీ కొత్తదానికీ ఏటా డబ్బు కట్టుకుంటూ పోతున్న వాళ్లు నా ఖాతాదారుల్లోనే ఉన్నారు. ఒక మిల్లులో పద్దులు రాసే అతని సిస్టమ్ చూస్తే ఇదే కథ, యజమాని కార్డు కాబట్టి ఎవరూ అడగలేదు.

రిజర్వ్ బ్యాంకు ఈ విషయంలో మంచి నిబంధనలే పెట్టింది. 2019 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చింది, 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చింది. కార్డు నుంచి ఇలా పదే పదే డబ్బు తీసుకోవాలంటే మొదట ఓటీపీతో మన అనుమతి ఉండాలి. ప్రతిసారీ డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా బ్యాంకు మనకు తెలియజేయాలి. వ్యాపారి పేరు, మొత్తం, తేదీ, ఎందుకు అన్నీ అందులో ఉండాలి. ఆ ఒక్క చెల్లింపు గాని మొత్తం మ్యాండేట్ గాని ఎప్పుడైనా రద్దు చేసుకునే వీలు బ్యాంకే ఇవ్వాలి. యూపీఐ ఆటోపేకి కూడా దాదాపు ఇదే పద్ధతి. కానీ మ్యాండేట్‌కి ఒప్పుకునే రోజున తెర మీద ఏముంటుందో ఎప్పుడైనా గమనించారా? కొంటున్నది ఏడు వందలకు అయినా, అనుమతి మాత్రం 'గరిష్ఠంగా రూ.15,000 వరకు' అని ఉంటుంది చాలాసార్లు. ఓటీపీ లేకుండా తీసుకునే పరిమితి మొదట రూ.2,000, తర్వాత రూ.5,000, 2022 జూన్ నుంచి రూ.15,000 అయింది. వ్యాపారులు ఆ చివరి అంకెనే నేరుగా మ్యాండేట్‌లో పెట్టేస్తున్నారు. వచ్చే ఏడాది ధర మూడింతలు చేసినా అది మనం ముందే ఒప్పుకున్న పరిధిలోనే ఉంటుంది, మళ్లీ అడగాల్సిన పని వాళ్లకు లేదు. పిన్ కొట్టే ముందు ఆ ఒక్క లైను చదవండి.

కొన్న రోజే చేయాల్సింది ఏమిటంటే, కంపెనీ వెబ్‌సైట్‌లో ఏ ఈమెయిల్‌తో కొన్నారో దానితోనే లాగిన్ అయి, సబ్‌స్క్రిప్షన్ అనే చోట ఆటో రెన్యువల్ ఆఫ్ చేయడం. ఆఫ్ చేస్తే ఇప్పుడే పనిచేయడం ఆగిపోతుందని చాలామంది భయపడతారు, కంపెనీ కూడా మీ కంప్యూటర్ ప్రమాదంలో పడుతుంది, నిజంగానే ఆపాలా అని ఒకటికి రెండుసార్లు అడిగి భయపెడుతుంది. ఏమీ కాదు, కట్టిన ఏడాది పూర్తిగా పనిచేస్తుంది. తర్వాత బ్యాంకు వైపు చూడాలి. యూపీఐతో కట్టి ఉంటే ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లో ప్రొఫైల్ నొక్కితే ఆటోపే అని ఉంటుంది, అక్కడ బతికి ఉన్న మ్యాండేట్లన్నీ కనపడతాయి, అక్కర్లేనిది రద్దు చేయొచ్చు. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలో ఈ-మ్యాండేట్ అనో, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ అనో ఉంటుంది. ఫోన్‌లో వేసుకున్న యాంటీవైరస్ అయితే ప్లే స్టోర్‌లోనే సబ్‌స్క్రిప్షన్స్ అన్నచోట చూడాలి. వెతకండి, యాంటీవైరస్ ఒక్కటే కాదు, మీరు మర్చిపోయినవి ఇంకేవో కూడా అక్కడ కనపడతాయి.

గడువు చివరి రోజు చూసుకుందాంలే అని మాత్రం అనుకోవద్దు. కొన్ని కంపెనీలు గడువు ఇంకా నెల రోజులు ఉండగానే డబ్బు తీసేసుకుంటాయి. వంటింట్లో గోడ క్యాలెండరు మీద రాసుకునేట్టయితే నెలన్నర ముందు తేదీ రాసుకోండి. ఏ ఈమెయిల్‌తో కొన్నారో కూడా ఎక్కడన్నా రాసి పెట్టుకోండి, నా దగ్గరికి వచ్చే గొడవల్లో సగం ఇక్కడే ఆగిపోతాయి, కొడుకు మెయిలో, కొట్టు కుర్రాడి మెయిలో ఎవరికీ గుర్తుండదు. నన్నడిగితే కార్డు వివరాలు ఇవ్వనవసరం లేని కీ కొనుక్కోవడమే మేలు, ఏడాది అయ్యాక దానంతట అదే ఆగిపోతుంది. కొన్ని పెట్టెల మీద మాత్రం యాక్టివేషన్‌కి కార్డు కావాలి అని చిన్నగా రాసి ఉంటుంది, అలాంటిది తీసుకోవద్దు.

డబ్బు ఇప్పటికే పోయిన వాళ్లు ఊరుకోకండి, వెంటనే అడగండి. ఏడాది చందా మీద వాపసుకు చాలా కంపెనీలు కొంత గడువు ఇస్తాయి, నార్టన్ లాంటి వాళ్లు 60 రోజులు ఇస్తున్నారు. మాస్టారి విషయంలో నేనే కూర్చుని చాట్‌లో మాట్లాడాను. మొదట వాళ్లు అన్న మాట: ఉంచుకుంటే సగం ధరకే ఇస్తాం. వద్దంటే ఇంకొంచెం తగ్గించారు. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఎందుకంటే అడిగితే సగానికి ఇవ్వగలిగినదాన్ని అడగని మనిషి దగ్గర, అదీ పింఛను మీద బతికే మనిషి దగ్గర, పూర్తిగా తీసుకున్నారు. చివరికి డబ్బు వెనక్కి వచ్చింది. కానీ ఆ చాట్ ఇంగ్లీషులో గంటసేపు నడిచింది, ఆయన ఒక్కరే కూర్చుంటే మధ్యలోనే వదిలేసేవారు. కంపెనీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. 24 గంటల ముందు మెసేజీ రాకుండానే డబ్బు పోతే తప్పు బ్యాంకుది, ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, దానికి ఖర్చేమీ లేదు.

అసలు డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా అని అడిగేవాళ్లకు నా వ్యాపారం పోయినా సరే నిజమే చెబుతాను. విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్‌కు మైక్రోసాఫ్ట్ డిఫెండర్ దానితోనే ఉచితంగా వస్తుంది, అప్‌డేట్లు ఆపకుండా ఉంటే పాఠాలు వినడానికి, బ్యాంకు పనులకు, సినిమాలు చూడటానికి అది చాలు. కొత్త ల్యాప్‌టాప్‌తో ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్ నెల తిరిగేసరికి ఎర్ర బొమ్మలతో బెదిరించడం మొదలుపెడుతుంది, దాన్ని తీసేస్తే డిఫెండర్ మళ్లీ పని అందుకుంటుంది, కంప్యూటర్ దిక్కులేనిదేమీ అవదు. ఆఫీసులో పది సిస్టమ్‌లు ఉండి, ట్యాలీ డేటా అంతా వాటిలోనే ఉంటే డబ్బు పెట్టి కొనుక్కోవడంలో అర్థముంది, కానీ దానికంటే ముందు వేరే హార్డ్‌డిస్క్‌లో బ్యాకప్ ఉండాలి. ఇంకో మాట, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆ లోటును ఎంత ఖరీదైన యాంటీవైరస్ అయినా పూడ్చలేదు, ఆ డబ్బు విండోస్ 11కి మారడానికి దాచుకోవడం నయం. వైరస్ పట్టిందని అనుమానముంటే కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైట్‌లో శుభ్రం చేసే టూల్స్ ఉచితంగా ఉన్నాయి.

ఈ రెన్యువల్ భయాన్నే అసలు దొంగలు కూడా వాడుకుంటున్నారు. మీ యాంటీవైరస్ రెన్యువల్ అయింది, 400 డాలర్లు కట్ అవుతున్నాయి, వద్దనుకుంటే 24 గంటల్లో ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఇన్‌వాయిస్ రూపంలో మెయిల్ వస్తుంది. ఫోన్ చేస్తే డబ్బు వెనక్కి వేస్తాం, ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోండి అంటారు, ఆ తర్వాత మన తెర వాళ్ల చేతిలో ఉంటుంది. ఇది అమెరికాలో ఎక్కువ, అక్కడ పిల్లల దగ్గరికి వెళ్లి ఉంటున్న మన పెద్దవాళ్లకు ఇలాంటి మెయిల్ వచ్చి కంగారుపడి నాకు వాట్సాప్‌లో ఫొటో పెట్టిన వాళ్లున్నారు. మెయిల్‌లో ఉన్న నంబరుకు ఎప్పుడూ ఫోన్ చేయొద్దు. బ్యాంకు యాప్ తెరిచి చూడండి, అక్కడ డెబిట్ లేకపోతే ఆ మెయిల్ అబద్ధం. మన దగ్గర అయితే డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. అమెరికాలో ఉన్న పిల్లలకు ఇంకో హెచ్చరిక, అక్కడ ఓటీపీ తప్పనిసరి కాదు, కార్డు మారిస్తే పాత చందాలు ఆగిపోతాయని కూడా నమ్మకం లేదు, కొత్త నంబరును కార్డు నెట్‌వర్కే వ్యాపారికి అందించే ఏర్పాటు ఉంది.

ఇదంతా జనం జాగ్రత్త పడితే సరిపోతుందని వదిలేసే విషయం కాదు. ఆటో రెన్యువల్ వసూళ్ల మీద న్యూయార్క్ అటార్నీ జనరల్ 2009లోనే యాంటీవైరస్ అమ్మే సిమాంటెక్, మెకాఫీ సంస్థల చేత చెరో 3,75,000 డాలర్లు కట్టించారు. బ్రిటన్‌లో పోటీ వ్యవహారాల సంస్థ సీఎంఏ 2018 డిసెంబర్‌లో దర్యాప్తు మొదలుపెట్టి, 2021లో మెకాఫీ, నార్టన్ రెండింటి చేతా హామీ రాయించుకుంది. ఆటోమేటిక్‌గా రెన్యువల్ అయినవాళ్లు మధ్యలో మానుకుంటే మిగిలిన కాలానికి డబ్బు వెనక్కి ఇవ్వాలి, రెన్యువల్ అవుతుందనీ ధర పెరుగుతుందనీ ముందే స్పష్టంగా చెప్పాలి. మన దగ్గరా చట్టం లేక కాదు. వెబ్‌సైట్లలో కొనేవాళ్లను పక్కదారి పట్టించే ఎత్తుగడలను డార్క్ ప్యాటర్న్‌లు అంటారు. 2023 నవంబర్ 30న నోటిఫై అయిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాల్లో 13 రకాల మాయలను నిషేధించారు. రద్దు చేసే దారి దాచిపెట్టడం, ఉచిత ట్రయల్‌కే చెల్లింపు వివరాలు అడగడం అందులో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ కింద ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ చందాలను గుట్టుగా వసూలు చేయడం మీద వేరే అంశమే ఉంది. ఈ-కామర్స్ సంస్థలు మూడు నెలల్లో తమను తాము తనిఖీ చేసుకోవాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2025 జూన్‌లో చెప్పింది. యాంటీవైరస్ అమ్మే కంపెనీల వెబ్‌సైట్లనూ వరసగా తెరిచి, రెండో ఏడాది ధర ఎంత సైజు అక్షరాల్లో ఉందో, రద్దు చేయడానికి ఎన్ని పేజీలు దాటాలో అధికారులే ఒకసారి చూడాలి.

బ్యాంకుల వైపు నుంచి నేను అడిగేది ఇంకా చిన్నది. ముందస్తు సమాచారం ఖాతాదారుకు స్పష్టంగా, అర్థమయ్యే భాషలో అందాలని రిజర్వ్ బ్యాంకు 2019 సర్క్యులర్‌లోనే ఉంది. ఏటీఎంలో తెలుగు పెట్టగలిగిన బ్యాంకులు ఈ ఒక్క మెసేజీ తెలుగులో ఎందుకు పంపలేవు? 'రేపు మీ ఖాతా నుంచి ఫలానా యాంటీవైరస్ ఏడాది చందా కింద ఇంత మొత్తం పోతుంది, పోయినేడు కట్టింది ఇంత, వద్దనుకుంటే బ్యాంకు యాప్‌లో ఫలానా చోట ఆపండి' అని రాస్తే చాలు. లింకు అసలు వద్దు, వసూలు చేసే మధ్యవర్తి పేరు కాదు, సరుకు పేరు ఉండాలి. స్మార్ట్‌ఫోన్ వాడలేని పింఛనుదార్లకు బ్రాంచిలోనే మ్యాండేట్ల జాబితా ప్రింటు తీసి ఇచ్చి, వద్దన్నవి అక్కడే రద్దు చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీలు మూడు నెలలకోసారి కూర్చుంటున్నాయి, వచ్చే సమావేశం అజెండాలో ఈ తెలుగు మెసేజీ, ఈ ప్రింటు కాగితం రెండూ చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సర్వీసు షాపు నిర్వాహకుడు,
తెనాలి.